జీవులు కట్టిన నేల



తెలుగింట పగడమును ఎరుగనివారు లేరు. నవరత్నములలో దానికొక స్థానము కలదు. మంగళసూత్రము ప్రక్కన నల్లపూసల నడుమ ఎఱ్ఱని పగడములు గ్రుచ్చుకొనుట పెక్కు కుటుంబములలో ఆచారము. అయినను, మెడలో వెలుగు ఆ రత్నము ఒకానొక సముద్రజీవి దేహము నుండి పుట్టినదని తలచువారు అరుదు. ఆభరణములకు ఉపయోగించు ఎఱ్ఱపగడము మధ్యధరా సముద్రము వంటి తావులలో లోతున పెరుగు జాతి. దానికి దూరపు దాయాదులైన మరికొన్ని పగడములు కలవు. అవి నగలకు పనికిరావు. కంసాలి వానివంక చూడనైన చూడడు. కాని అవి చేసిన పని మరియే జీవియు చేయలేదు. నడిసముద్రమున మనుష్యులు ఇండ్లు కట్టుకొని, బావులు త్రవ్వుకొని, కొబ్బరితోటలు వేసికొని బ్రదుకుటకు వలసిన నేలను అవి నిర్మించినవి. అట్టి నేల భారతదేశములోనే కలదు. అదియే లక్షద్వీపములు. నేటి ప్రసంగమునకు విషయము ఆ దీవులును, వాని నడుమనున్న నిర్మలజలాశయములును.

భూమి ఏర్పడు విధములలో ఒకదానిని ఆంధ్రులు బాగుగా ఎరుగుదురు. గోదావరీ కృష్ణానదులు దేశమంతటి మట్టిని కడుపున మోసికొని వచ్చి, సముద్రముఖమున దింపి, వేలయేండ్లలో కోనసీమను, దివిసీమను నిర్మించినవి. అక్కడ భూమిని కట్టినది నది. లక్షద్వీపములలో నది లేదు, ఏరు లేదు, కొండ లేదు. కొట్టుకొనివచ్చు ఒండ్రుమట్టి లేదు. అచ్చటి ప్రతి ఇసుక రేణువును ఏదో యొక ప్రాణి దేహము నుండి వచ్చినదే. తూర్పుతీరమున మహానదులు తెచ్చు మట్టియు మంచినీరును పగడములకు విరోధులు గనుకనే కోనసీమ కడలిలో ఇట్టి దీవులు లేవు. నది ఉన్నచోట పగడము పెరుగదు. పగడము పెరిగినచోట నది ఉండదు. రెండు చోట్లను కొబ్బరిచెట్టు మాత్రము ఒక్కతీరుగనే తల యూచుచుండును.

కేరళతీరమునకు పడమరగా సుమారు 220 మొదలు 440 కిలోమీటర్ల దూరమున ఈ దీవులు చెదరియున్నవి. లెక్కకు 36 దీవులు. అందు జనులు నివసించునవి 10. అన్నింటి నేలయు కలిపినను 32 చదరపు కిలోమీటర్లే. అయితే వాని ఒడిలోని లోతులేని నీటివిస్తీర్ణము సుమారు 4,200 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారము నివాసులు 64,473 మంది. 1956 నవంబరు 1న ఈ ప్రాంతము కేంద్రపాలితమైనది. 1964లో పరిపాలనా కేంద్రము కోజికోడు నుండి కవరత్తికి మారినది. 1973 నవంబరు 1న లక్షద్వీపమను పేరు వచ్చినది. ఇందు బిత్రా అను దీవి మిక్కిలి విచిత్రము. నివాసమున్న దీవులలో అదియే చిన్నది. దాని నేల చదరపు కిలోమీటరులో పదియవవంతు. కాని ఆ చిన్ని దీవి చేరువనున్న జలాశయము సుమారు 45 చదరపు కిలోమీటర్లు. గుమ్మమంత ఇల్లునకు చెఱువంత పెరడన్నమాట.

వలయమువలె ఏర్పడిన ఇట్టి పగడపు దిబ్బకు అటోల్ అని పేరు. ఈ మాట ఆంగ్లమున పుట్టినది కాదు. మాల్దీవుల భాషలోని మాటయే ప్రపంచమంతటను వ్యాపించినది. లక్షద్వీపములలో దక్షిణపుకొసనున్న మినికాయి ప్రజలు మాట్లాడు మహల్ భాష ఆ మాల్దీవుల భాషకు చెందినదే. తక్కిన దీవులలో మలయాళపు మాండలికము వాడుక. వలయము నడుమ చిక్కుకొనిన లోతులేని సముద్రమును లాగూను అందురు. బయటి కడలికిని దీనికిని మధ్య ప్రవాళభిత్తిక గోడవలె నిలిచియుండును.

నడిసముద్రమున ఈ వలయమేల ఏర్పడెను? పగడపు జీవికి వెలుతురు కావలెను. లోతున అది బ్రదుకదు. అట్లయిన వేలమీటర్ల లోతు గల సముద్రమధ్యమున అది దేనిని ఆధారముగా గైకొని పెరిగినది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు చార్లెస్ డార్విన్. విశేషమేమన్నచో, ఆయన నిజమైన పగడపు దిబ్బను కంటితో చూడకముందే, దక్షిణ అమెరికా తీరమున భూమి లేచుటయు క్రుంగుటయు పరిశీలించుచు ఆ సమాధానమును ఊహించెను. పిమ్మట 1836 ఏప్రిలులో బీగిల్ నౌకపై హిందూమహాసముద్రమునందలి కోకోస్ కీలింగ్ దీవులకు చేరి, అటోల్‌ను స్వయముగా పరిశీలించెను. 1842లో తన సిద్ధాంతమును గ్రంథరూపమున ప్రకటించెను. ఆయన చెప్పినది సంగ్రహముగా ఇది: సముద్రమున ఒక అగ్నిపర్వతము తల యెత్తును. దాని ఒడ్డు చుట్టును పగడములు అంచుకట్టును. కాలక్రమమున పర్వతము మెల్లగా క్రుంగిపోవును. పగడములు మాత్రము వెలుతురును విడువక, క్రుంగినంత మేర పైకి పెరుగుచుండును. తుదకు కొండ అదృశ్యమగును. దాని చుట్టునున్న పగడపు మాల మాత్రము మిగులును. రాజు గతించినను సింహాసనము చుట్టు కావలివారు నిలిచియున్నట్లు ఆ వలయము నిలిచియుండును.

ఈ ఊహ నిజమని తేలుటకు నూరేండ్లకు పైబడి పట్టినది. 19వ శతాబ్ది చివర పసిఫిక్ సముద్రమున ఫునాఫుటి అటోల్‌పై రంధ్రము వేసి మూడువందల మీటర్లకు మించి దిగినను సున్నపురాయియే తగిలినది గాని అగ్నిశిల కనబడలేదు. 1952లో ఎనివెటాక్ అటోల్‌పై వేసిన రంధ్రములు పండ్రెండువందల మీటర్లు దాటిన పిమ్మట నల్లని అగ్నిశిలను తాకినవి. అంత ఎత్తు సున్నపుగోడను కట్టినది గోరంత జీవియే. లక్షద్వీపములు నిలిచియున్న సముద్రగర్భపు గట్టు విషయములో భూగర్భశాస్త్రజ్ఞుల అభిప్రాయమొకటి తెలుగువారికి ఆసక్తికరము. సుమారు ఆరున్నరకోట్ల యేండ్ల క్రిందట దక్కను పీఠభూమిపై లావాను కుమ్మరించిన భూగర్భపు వేడి తావుపై భారతభూఖండము ఉత్తరముగా జరిగిపోవగా, అదే వేడి సముద్రగర్భమున విడిచిన జాడ ఈ గట్టులో కలదందురు. ఉత్తరతెలంగాణమున ప్రత్తి పండించు నల్లరేగడికి మూలమైన అగ్నికిని, దీవుల అడుగున దాగిన శిలకును ఈ విధముగ బంధుత్వము కలదు.

ఇక యాత్ర సంగతి. దీవులకు పోగోరు యాత్రికుడు ముందుగా అనుమతిపత్రము పొందవలెను. కొచ్చి నుండి సాధారణపు ఓడలో పదునాలుగు మొదలు పదునెనిమిది గంటల ప్రయాణము. అగత్తి దీవిలో 1988 నుండి చిన్న విమానములు దిగు తావు కలదు. ఆ దీవి పొడవే విమానపు దారికి హద్దు. ఓడలో పోవువానికి సాయంకాలము తీరము మాసిపోవును. రాత్రియంతయు నీరు నల్లగా, బరువుగా ఓడ ప్రక్కల కొట్టుకొనుచుండును. తెల్లవాఱుసరికి ఆకాశపుటంచున కొబ్బరిమట్టల గీత యొకటి కనబడును. నేల ఇంకను కనబడదు. నేల నీటిమట్టము నుండి ఒకటి రెండు మీటర్లే లేచియుండుటచే, చెట్లు నీటిలోనుండియే మొలచినవా యని భ్రమ కలుగును.

ఓడ లాగూను లోనికి పోజాలదు, లోతు చాలదు. కొన్ని దీవులకు తూర్పున రేవులు ఏర్పడినను, పెక్కుచోట్ల ఓడ బయటి సముద్రముననే నిలుచును. చిన్న పడవలు వచ్చి దాని ప్రక్కను చేరును. కెరటము పడవను పైకెత్తిన క్షణమున నావికులు ఇరుప్రక్కల చేతులు పట్టుకొని ప్రయాణికుని దింపుదురు. ఆ క్షణము తప్పినచో మరల కెరటము వచ్చువరకు ఆగవలెను. ముసలివారు, చంటిపిల్లల తల్లులు, రోగులు అందరును ఇట్లే దిగుదురు, ఇట్లే ఎక్కుదురు. పట్టణపు యాత్రికునికి అది సాహసము. దీవివాసికి అది ఆసుపత్రికి పోవు బాట.

పడవ భిత్తికలోని సందున ప్రవేశించును. ఆ గడియ మరపురానిది. వెనుక సిరాను బోలిన సముద్రము. ముందు పచ్చరాయి కరిగించి పోసినట్టి నీరు. ఒక్క నిమిషములో కెరటముల ఘోష వెనుకకు పోవును, పడవ కుదుపు మానును. అడుగునున్న ఇసుక మీద పడవ నీడ ప్రాకుచు కనబడును. నీటి రంగులకు మాయ ఏమియు లేదు. లోతు హెచ్చిన నీలము, లోతు తగ్గిన పచ్చదనము, క్రింద తెల్లని ఇసుక ఉన్నచో వెలుగు, పగడపు గుట్ట ఉన్నచో గోధుమవన్నె. అనుభవము గల పడవవాడు ఆ రంగులను పుస్తకమువలె చదివి దారి నెఱుగును.

నీటిలో తల ముంచి చూచినచో ఆ గుట్టలు రాళ్లు కావని తెలియును. కొన్ని కొమ్మలు వేసిన పొదలు, కొన్ని మడతలు పడిన మెదడువంటి బండలు, కొన్ని పళ్లెములవలె పరచుకొన్నవి. వానిపై చుక్కలవలె కనబడు ప్రతి గుంటలోను ఒక జీవి కలదు. దానికి నోరును, నోటిచుట్టు కేసరములవంటి చేతులును తప్ప మరియే సంపదయు లేదు. సముద్రజలము నుండి సున్నమును గ్రహించి అది తన క్రింద పీఠము కట్టుకొనును. దాని దేహములో కంటికానరాని శైవలములు నివసించి, సూర్యకాంతితో ఆహారము వండి యజమానికి పెట్టును. యజమాని వానికి ఇల్లిచ్చును. పగడపు రంగులలో చాలభాగము ఈ అద్దెవారివే. బండవంటి పగడము సంవత్సరమునకు ఒక సెంటీమీటరు పెరిగిన గొప్ప. ఈ లెక్కను తలచినప్పుడు, పడవవాడు లంగరును ఎచ్చట వేయునో అంత జాగ్రత్తగా చూచుట ఎందుకో బోధపడును.

తీరమున కాలికి మెత్తగా తగులు తెల్లని ఇసుక ఎక్కడిది? పగడములపై పెరుగు నాచును చిలుకచేపలు ముక్కువంటి పండ్లతో గీకి తినును. ఆ గీకుటలో సున్నపుపొడియు కడుపులోనికి పోయి, మరల ఇసుకగా బయటపడును. తుఫానులు విఱిచిన కొమ్మలు, నత్తగుల్లలు, సున్నపుశైవలముల తునుకలు దానితో చేరును. అలలు వానిని ప్రోగుచేసి ఒడ్డునకు నెట్టును. ఆ ప్రోగే దీవి. కావున నేల అచ్చట దానముగా వచ్చినది కాదు. నిత్యము ఉత్పత్తి యగుచుండునది. కూలి ఆగినచో గోడ ఆగును.

ఆ గోడ ఎంత అవసరమో దీవుల రూపమే చెప్పును. ఆండ్రోత్ వంటి దానిని విడిచినచో, దీవులన్నియు తమ భిత్తికకు తూర్పువైపున ఒదిగి, పడమర లాగూనును ఉంచుకొన్నవి. నైరృతి ఋతుపవనము పడమటి నుండి కొండలవంటి కెరటములను తెచ్చును. అవి భిత్తికపై తలలు పగులగొట్టుకొని, లాగూనులో అలసి, ఒడ్డునకు చిఱుతరగలై చేరును. 1847లో వచ్చిన తుఫాను కల్పేని, ఆండ్రోత్ దీవులను తీవ్రముగా నష్టపఱచినది. 2017 డిసెంబరులో ఓఖీ తుఫాను మినికాయి, కల్పేనీలను బాధించినది. అట్టి దినములలో తీరవాసులు లోతట్టునకు పోవుదురు. దీవివాసులకు లోతట్టు లేదు. వారికి వెనుదన్ను పగడమే.

త్రాగునీటి సంగతియు అట్టిదే. వానకాలపు నీరు సున్నపుటిసుకలో ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిపై తేలుచుండును. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఆ భేదమే దీవికి ప్రాణము. బావిలో నీరు కొన్ని అడుగులలోనే తగులును. ఆశపడి హెచ్చుగా తోడినచో క్రింది ఉప్పు పైకెక్కును. ఒకసారి చెడిన బావి తొందరగా బాగుపడదు. సముద్రపు పైనీటి వేడిమికిని లోతునీటి చల్లదనమునకును గల భేదమును ఉపయోగించి మంచినీరు తీయు కర్మాగారమును 2005లో కవరత్తిలో స్థాపించిరి. అది దినమునకు లక్ష లీటర్ల నీటిని ఉత్పత్తి చేయుటకు ఉద్దేశింపబడినది. 2011లో మినికాయికిని అగత్తికిని అట్టివి వచ్చినవి. స్నానమునకు రెండు బకెట్లు అడుగు అతిథి ఆ నీరు ఎట్లు వచ్చినదో తెలిసికొనుట మేలు.

దీవుల ప్రజలు దాదాపు అందఱును ఇస్లాము మతస్థులు. అయినను వంశమును, కుటుంబపు ఆస్తిని తల్లి తరమున లెక్కించు ఆచారము వారిలో నిలిచియున్నది. కొబ్బరియు చేపయు వారి జీవనాధారములు. కొబ్బరిపీచును నానవేసి త్రాళ్లు పేనుదురు. కొబ్బరి తీపికల్లును కాచి పాకము చేయుదురు. ఇక సూర చేపను, అనగా ట్యూనాను, పట్టు విధము మినికాయివారి ప్రసిద్ధవిద్య. ముందుగా లాగూనులోని పగడపు గుట్టల నడుమ చిన్నచేపలను వలపన్ని పట్టి, పడవలోని తొట్టిలో ప్రాణముతో నిలుపుదురు. బయటి కడలిలో సూర మంద కనబడగనే ఆ చిన్నచేపలను నీటిలోనికి వెదజల్లి, పైన నీరు చిలుకరించి, ముల్లులేని గాలముగల వెదురుగడలతో ఒక్కొక్క చేపను ఎగరవేసి పడవలో వేసికొందురు. వల వేసి మందనంతను ఊడ్చుట లేదు. పట్టినదానిని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి మాసు అను కఱ్ఱవలె గట్టియైన చేపగా చేసి నిలువయుంచుదురు. ఇందు గమనింపదగినది ఒకటి: పెద్దచేప బయటి సముద్రములోనిదైనను, దానిని తెచ్చు చిన్నచేప పగడపు గుట్టలోనిది. గుట్ట చచ్చినచో గాలమునకు ఎర లేదు.

గుట్టలు చచ్చుట యేమని అడుగవచ్చును. మామూలు వేసవి వేడిమికంటె సముద్రజలము ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో, పగడములోని శైవలములు విడిచిపోవును. రంగు పోయి, సున్నపు ఎముక తెల్లగా బయటపడును. నీరు త్వరగా చల్లబడినచో అద్దెవారు మరల వత్తురు; లేనిచో యజమాని ఆకలిచే మరణించును. లక్షద్వీపములకు ఇట్టి గండములు 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో వచ్చినవి. మొదటిదానికిని రెండవదానికిని నడుమ 12 యేండ్లు. పిమ్మటివి 6, 8 యేండ్లకే. అగత్తి, కద్మత్, కవరత్తి దీవులవద్ద శాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి చేసిన పరిశీలనలో, 1998లో సుమారు 37 శాతముగా నుండిన సజీవపగడపు విస్తీర్ణము 2022 నాటికి సుమారు 19 శాతమునకు తగ్గినట్లు తేలినది. జబ్బుపడినవాడు కోలుకొనులోపలనే మరల జబ్బుపడుచున్నాడు.

ఈ వేడిని దీవివాసులు పుట్టించలేదు. అరువదివేల మంది పొయ్యిలు సముద్రమును కాచలేవు. అది దూరపు పట్టణముల యంత్రములు, వాహనములు, విద్యుత్కేంద్రములు కలిసి చేసిన పని. ఫలము మాత్రము ముందుగా అనుభవించువారు వీరు. బంగారం అటోల్‌లో పరళి అను చిన్నదీవులలో ఒకటి అలల కోతకు కరిగి మాయమైనదని 2017లో వెల్లడియైనది. బంగారమను పేరు వినగనే తెలుగువానికి ముచ్చట కలుగును. కాని అచ్చట పోయినది నగ కాదు, నేల.

ప్రకృతియందలి తూకము సున్నితమనుటకు అగత్తి లాగూను మరియొక నిదర్శనము. అచ్చట పచ్చతాబేళ్లు హెచ్చుగా చేరి సముద్రపుగడ్డిని మొదలంట మేసినవి. గడ్డి పోగా, దానిలో పెరుగు చేపలు తగ్గినవి. జాలరులు తాబేలుపై కోపించిరి. తాబేలును కాపాడవలసినదే, జాలరి ఆకలియు అబద్ధము కాదు. ఎవరిని దోషిగా నిలుపుట? లాగూను గోడలోపలి కొలను. అందొక ఇటుక కదలినచో అన్నియు కదలును. తీర్పరి తొందరపడరాదు.

మహాశయులారా, సెలవులలో దేశాటనము చేయు ఉద్యోగికుటుంబములు పెరుగుచున్నవి, అది సంతోషింపదగినది. హిమాలయమును చూచినవాడు, కన్యాకుమారిని చూచినవాడు, లక్షద్వీపమును చూడగోరుట సహజము. చూచుటలో దోషము లేదు. చూచు తీరులో కలదు. పగడముపై నిలుచుండినవాని ఒక అడుగు ఇరువదియేండ్ల పెరుగుదలను విఱచును. జ్ఞాపకార్థము ఒక కొమ్మ తెచ్చుకొనుట నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో భిత్తికలు కట్టు పగడములు 2001లో చేర్చబడినవి. తెచ్చిన ప్లాస్టికును తిరిగి తీసికొనిపోవుట, నీటిని పొదుపుగా వాడుట, దీవివారి మర్యాదలకు తగిన వస్త్రములు ధరించుట: ఇవి కష్టమైన వ్రతములు కావు. తీర్థమునకు పోవువాడు నియమములు పాటించుట తెలుగువారికి క్రొత్త కాదు. ఇదియు ఒక తీర్థమే.

కోనసీమలో ఒకయేడు వరద ఒడ్డును కోసినను, మరుసటియేడు గోదావరి మరల మట్టి తెచ్చునను ఆశ కలదు. నదికి ప్రాణము లేదు గనుక దానికి మరణము లేదు. లక్షద్వీపపు నేలను కట్టునది ప్రాణమున్న జీవి. అది బ్రదికియున్నంతకాలమే నేల. మెడలోని పగడమును ఐదవతనమునకు గుర్తుగా భద్రపఱచుకొను స్త్రీలు తెలుగునాట కోట్లకొలది కలరు. ఆ శ్రద్ధలో వేయవవంతు కడలిలోని పగడమునకు దక్కినచో, బిత్రాలోని చిన్నబిడ్డ రేపు పెద్దదై తన బిడ్డకు అదే ఒడ్డున అదే ఇసుకలో నడక నేర్పగలుగును. ఆ బిడ్డ పాదము మోపుటకు ఆ జానెడు నేల మిగిలియుండుగాక.

స్వస్తి.